పోలరాజు పేర ఒక ట్యాంకు

మా నదీ రక్షణ విభాగం గురించి బయట చాలా అపోహలున్నాయి. మునిగిపోతున్న మనిషి కేక మాకు వినపడదని కొందరంటారు. వినపడుతుంది. దాన్ని తపాలాలో నమోదు చేసి, నంబరు వేసి, సంబంధిత సెక్షనుకి పంపడానికి కొంత వ్యవధి పడుతుంది, అంతే. నేనక్కడ సీనియర్ అసిస్టెంటుని. పోలరాజు ఫైలు నా సెక్షన్లోదే గనక జరిగింది జరిగినట్టు చెప్పగలను.

మల్లాడి పోలరాజు మా విభాగానికి ఉన్న ఒకే ఒక్క గజ ఈతగాడు. మిగతా అందరం ఒడ్డు మీద ఉండి నదిని రక్షించేవాళ్ళం. కిందటేడు గోదావరి వరదల్లో రేవు దగ్గర పడవ బోల్తా పడితే, అతను ఊపిరి బిగబట్టి దిగి, పైకొచ్చి, మళ్ళీ దిగి, దొరికినవాళ్ళని దొరికినట్టు ఒడ్డుకి చేర్చాడు. ఆఖర్న నీళ్ళ అడుగున ఒక పిల్ల చెయ్యి తగిలింది. అప్పటికి అతని గుండెల్లో గాలి అయిపోయింది. పైకొచ్చి గాలి పీల్చుకుని మళ్ళీ వెళ్ళేసరికి ఆ చెయ్యి అక్కడ లేదు.

నెల తిరక్కుండానే అతన్ని పిలిచి సన్మానం చేస్తామన్నారు. పోలరాజు మా జాయింట్ డైరెక్టర్ చిదానందం గారి బల్ల ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

“సాలువా అక్కర్లేదండి బాబూ. వైజాగులో సముద్రంలోకి దిగేవోళ్ళు ఈపుకి గాలి ట్యాంకు కట్టుకుని దిగుతారండి. నాకదొకటి ఇప్పించండి. ఒక్క అరగంట గాలుంటే ఆ పిల్లని తెచ్చేద్దునండి. ఆయేళ అది లేకపోబట్టే గదండి, ఆ సెయ్యి రోజూ నిద్దట్లో తగుల్తాది. వచ్చే వరదలకి నా ఊపిరి కూడా ఇంతే ఉంటదండి. పెరగదు.”

పేపర్లవాళ్ళు ఆ మాట రాశారు. రాశారు గనక ప్రభుత్వం మంజూరు చేసింది. వరదల్లోపు ఒక ఈతగాడికి స్కూబా సామాను కొని ఇవ్వమని చిదానందం గారికి ఉత్తర్వు వచ్చింది.

చిదానందం గారు ఎప్పుడూ తెల్లటి సఫారీ సూటులో ఉంటారు. ఎండాకాలం, వానాకాలం, చలికాలం ఒకటే సూటు, ఒకటే మడత. బేరం ఆడకుండా ఆయన దేన్నీ కొనరు. తన పెళ్ళికి ముహూర్తం పెట్టిన పురోహితుణ్ణి కూడా, ఇంతకంటే మంచిది తక్కువలో రాదా అని అడిగారని ఆఫీసులో చెప్పుకుంటారు.

విశాఖపట్నం నుంచి స్కూబా సామాన్లు అమ్మే ఫ్రాన్సిస్ అనే ఆయన వచ్చి, అన్నీ బల్ల మీద పరిచాడు. వీపుకి తగిలించుకునే గాలి సిలిండరు, దాన్నే ట్యాంకు అంటారు. అందులోని గాలిని నోటికి అందించే గొట్టం, దాని పేరు రెగ్యులేటరు. కళ్ళకీ ముక్కుకీ నీళ్ళు తగలకుండా అద్దాల మాస్కు. చలికి ఒళ్ళు కొంకర్లు పోకుండా రబ్బరు తొడుగు, అది వెట్ సూటు.

“ఆషాఢం తగ్గింపు లేదా?” అన్నారు చిదానందం గారు.

“సార్, ఇది చీరల కొట్టు కాదండి.”

“పోనీ పాత ట్యాంకు ఇస్తే ఎక్స్‌ఛేంజి?”

“పాతది మీ దగ్గరుందా సార్?”

“ఉందా లేదా అన్నది తర్వాత. పాలసీ ఏమిటో చెప్పండి.”

వాళ్ళిద్దరూ అలా మాట్లాడుకుంటుంటే పోలరాజు మెల్లగా బల్ల దగ్గరికి జరిగాడు. ఫ్రాన్సిస్ నవ్వి, గొట్టం అతని నోటికి అందించాడు. పోలరాజు కళ్ళు మూసుకుని ఒకసారి పీల్చాడు. మళ్ళీ పీల్చాడు. పెళ్ళివారి పాయసం రుచి చూసినవాడి మొహంలా వెలిగిపోయింది ఆ మొహం. గొట్టం తీసి, పంచె అంచుతో తుడిచి, జాగ్రత్తగా బల్ల మీద పెట్టాడు. “సల్లగుందండి గాలి,” అన్నాడు నాతో.

అతనికి ఆ ట్యాంకు నుంచి దక్కిన గాలి అంతే. ఎందుకంటే మర్నాడే ‘ఉన్నది చాలు’ ఉద్యమం మొదలైంది.

ప్రభుత్వం చేసే వృథా ఖర్చు చూసి ఎవరో పెద్దమనిషికి కడుపు తరుక్కుపోయిందట. సర్క్యులర్ వచ్చింది. ‘ఏ శాఖ అయినా ఏదేని వస్తువును కొనుగోలు చేయబోవు ముందు, అదే పేరు గల వస్తువు ప్రభుత్వము వద్ద ఇదివరకే ఉన్నదీ లేనిదీ కంప్యూటరులో సరిచూడవలెను. ఉన్నయెడల కొనరాదు. సదరు వస్తువును బదిలీపై పొందవలెను. అయితే ఉన్న వస్తువును అప్‌గ్రేడ్ చేసుకొనుటకు అభ్యంతరము లేదు.’ ప్రతి సోమవారం పొద్దున్నే మేమంతా వరండాలో నిలబడి, చెయ్యి ముందుకి చాపి, ఉన్నది చాలునని ప్రమాణం చేసేవాళ్ళం. చాపిన చెయ్యి చాపినట్టే ఉంచుకుని కొందరు సీట్లలోకి వెళ్ళి కూర్చునేవారు. అలవాటైన భంగిమే కదా.

చిదానందం గారికి ఆ ఉద్యమం పండగలా వచ్చింది. అంతకంటే పెద్ద డిస్కౌంటు ఇంకెక్కడుంటుంది? నన్ను పిలిచి స్కూబా ఫైలు తెరవమన్నారు. కంప్యూటర్లో ‘మాస్కు’ అని కొట్టాం. ఆరోగ్యశాఖ గోడౌన్లో కరోనా కాలంనాటి మాస్కులు గుట్టలుగా పడి ఉన్నాయని వచ్చింది.

“సార్,” అన్నాను, “పేరు ఒకటే గానీ అవి గుడ్డ మాస్కులు. నీళ్ళలోకి...”

“చూడవయ్యా. నువ్వు వస్తువుని చూస్తున్నావు. ప్రభుత్వం పేరుని చూస్తుంది. ఇద్దరిలో ఎవరి చూపు పెద్దది?”

ప్రభుత్వానిదే పెద్దదని ఒప్పుకున్నాను. ఒక అట్టపెట్టె నిండా మాస్కులు పోలరాజుకి అందాయి.

రెగ్యులేటరు కోసం అంత దూరం వెళ్ళనక్కర్లేకపోయింది. చిదానందం గారి గదిలోనే గోడకి ఉంది, సీలింగు ఫ్యానుది. ఎలక్ట్రీషియన్ వచ్చి ఊడదీసి, పోలరాజు చేత సంతకం పెట్టించుకుని ఇచ్చాడు. పోలరాజు దాన్ని అటూ ఇటూ తిప్పి, గుండ్రటి మీట మీద ఒకటి నుంచి అయిదు దాకా ఉన్న అంకెలు చూసి, “నోట్లో ఎట్టుకోడానికి ఎటేపండి?” అని నన్నే అడిగాడు. నేను పని ఉన్నట్టు ఫైల్లోకి తల వంచుకున్నాను.

రెగ్యులేటరు పోయాక ఫ్యాను తిరగలేదు. తిరగని ఫ్యానుని ఏం చెయ్యాలి? అప్‌గ్రేడ్‌కి అభ్యంతరం లేదని సర్క్యులర్లోనే ఉంది. చిదానందం గారు స్వయంగా పట్నం వెళ్ళి, మూడు షాపుల్లో బేరమాడి, పండగ ఆఫరు కింద ఫ్యానుని ఎక్స్‌ఛేంజిలో ఇచ్చేసి, ఏసీ తెచ్చుకున్నారు. స్కూబా పద్దు కింద మా విభాగం కొన్న గాలి అదొక్కటే. అది కూడా చల్లగానే ఉండేది.

వెట్ సూటు దగ్గర మాత్రం చిక్కొచ్చింది. ఆ పేరుతో ప్రభుత్వం దగ్గర ఏమీ లేదు. కొందామంటే, తడిసిన సరుకుని స్టోర్లోకి తీసుకోరాదని వేరే నిబంధన ఉంది. పొడి సూటు కొని తర్వాత తడుపుకోవచ్చునా అని పై ఆఫీసుకి రాశాం. తడిపిన తరువాత అది ఏ శాఖ ఆస్తి అవుతుందో స్పష్టపరచమని వాళ్ళు తిరిగి రాశారు. దాంతో వెట్ సూటు పెండింగులో పడింది.

ఇక మిగిలింది ట్యాంకు. పోలరాజుకి కావలసిందీ అదే. కంప్యూటర్లో ‘ట్యాంకు’ అని కొట్టగానే తెర కిందికి జరుగుతూనే ఉంది, ఆగదు. చిన్ననీటి పారుదల శాఖలో చెరువుల్నన్నిటినీ దొరలనాటి నుంచీ ట్యాంకులనే రాస్తారు. మన రాష్ట్రంలో ట్యాంకులకి కరువేముంది? నీళ్ళకే కరువు.

చిన్ననీటి శాఖ ఇంజనీరు ముకుందరావు గారు కబురందిన పూటే పరిగెత్తుకొచ్చారు. మెట్టప్రాంతంలో చినబూరుగు ట్యాంకు అని ఒకటి ఏళ్ళ తరబడి ఎండిపోయి ఆయన ప్రాణం తీస్తోంది. తూము బాగు చెయ్యమని, పూడిక తియ్యమని రైతులు రోజూ వచ్చి ఆయన గది ముందు కూర్చుంటున్నారు. దాన్ని ఎవరికైనా అంటగట్టే అవకాశం వస్తుందని ఆయన కలలో కూడా అనుకోలేదు.

“మీకు కావలసిన ట్యాంకులో ఏముండాలండి?” అన్నారు ముకుందరావు గారు.

“గాలి. కేవలం గాలి. నీటి చుక్క ఉండకూడదని స్పెసిఫికేషన్,” అన్నారు చిదానందం గారు.

“అయితే మా చినబూరుగు మీ కోసమే కట్టారండి. ఈ గట్టు నుంచి ఆ గట్టు దాకా గాలి తప్ప మరేం లేదు.”

“లీకేజీ?”

“నీళ్ళకుంది. గాలికి ఇంతవరకూ ఫిర్యాదు రాలేదు.”

“గాలి అయిపోతే మళ్ళీ నింపడం?”

“దానంతటదే నిండుతుందండి. నిర్వహణ ఖర్చు సున్నా.”

చిదానందం గారు నా వైపు తిరిగి, ఆ వైజాగువాడు దీనికి ఎంత అడిగాడో చూశావా అన్నట్టు కళ్ళెగరేశారు. సదరు ట్యాంకును వీపునకు తగిలించుకొనుట వినియోగదారుని బాధ్యత అని ఒక షరతు రాయించి, బదిలీ ఉత్తర్వు మీద సంతకం చేశారు. ఒకవేళ రేపు తూము పాడైతే ఎవరు చూడాలని నేనడిగాను. “స్కూబా పరికరానికి తూము ఉండదు,” అన్నారాయన. “మా ట్యాంకే కానప్పుడు తూము మాదెలా అవుతుందండి?” అన్నారు ముకుందరావు గారు. ఇద్దరూ కరచాలనం చేసుకున్నారు.

అప్పగింత ఉత్సవం చెరువు గట్టు మీదే జరిగింది. షామియానా వేశారు. ‘పోలరాజుకు గాలి ట్యాంకు ప్రదానం’ అని బ్యానరు కట్టారు. పోలరాజు ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, భార్య సత్యవేణిని వెంటబెట్టుకుని వచ్చాడు. వైజాగులో వాళ్ళు కట్టుకునేలాంటి ట్యాంకు ఎక్కడుందా అని షామియానాలో నాలుగు మూలలా వెతికాడు. చిదానందం గారు చెయ్యి బారుగా చాపి, బీటలు వారిన చెరువుని చూపించారు.

“ఆయ్... ఇది సెరువు గదండి!”

“తెలుగులో చెరువు. ఫైల్లో ట్యాంకు.”

“దీన్ని ఈపుకెలా కట్టుకోనండి బాబూ?”

“బాధ్యత అనేది ఎప్పుడూ వీపు మీదే ఉంటుంది, పోలరాజూ,” అన్నారు చిదానందం గారు. ఆ వాక్యానికి చప్పట్లు మోగాయి.

సత్యవేణి మొదట నవ్వింది. ఎవరో తమాషా చేస్తున్నారనుకుంది. తర్వాత మొగుడి మొహం చూసి నవ్వు ఆపేసింది. “ఏవండీ ఆఫీసరు గారూ, ఈయన దిగేది గోదాట్లోకండి. ఈ గాలి అక్కడికెలా మోసుకెళ్తారండి?” అని గట్టిగా అడిగింది. సరిగ్గా అప్పుడే ఫొటో తీస్తున్నందువల్ల ఎవరూ సమాధానం చెప్పలేదు.

ఒక్క రూపాయి ఖర్చు లేకుండా స్కూబా విభాగం నెలకొల్పినందుకు చిదానందం గారికి ఆగస్టు పదిహేనున ప్రశంసాపత్రం వచ్చింది. దాన్ని ఏసీ కింద తగిలించారు.

ప్రశంసాపత్రం తెచ్చిన చెమ్మో ఏమో గానీ, ఆ వారమే వానలు మొదలయ్యాయి. మామూలుగా గోదావరి పొంగుతుంది. ఈసారి మెట్ట మీద కూడా కుంభవృష్టి. ఏళ్ళుగా ఎండిన చినబూరుగు చెరువు చూస్తుండగానే నిండిపోయింది. ఆ సంగతి తెలియగానే చిదానందం గారు చేసిన మొదటి పని, పోలరాజుకి మెమో ఇవ్వడం. ‘తమకు పొడి స్థితిలో అప్పగించబడిన గాలి ట్యాంకులోనికి నీరు ప్రవేశించుటకు గల కారణములను మూడు దినములలో తెలుపవలెను.’

మెమోకి జవాబు రాయించుకుందామని పోలరాజు నా దగ్గరికి వచ్చిన పొద్దునే చినబూరుగు నుంచి ఫోన్లు మోగాయి. గట్టు నానిపోయింది. తూము దగ్గర తాటిమొద్దు ఒకటి అడ్డం పడి నీళ్ళు కిందికి పోవడం లేదు. గట్టు కిందనే పల్లపువీధి ఉంది. అక్కడి జనం పిల్లల్నీ గేదెల్నీ తోలుకుని ఎటు పోవాలో తెలియక వానలో నిలబడ్డారు. ముకుందరావు గారికి ఫోన్ చేస్తే, అది మీ స్కూబా పరికరం గదండీ అని పెట్టేశారు.

చిదానందం గారు, నేను, పోలరాజు జీపులో వెళ్ళాం. నేను ఆయనకి గొడుగు పట్టాను. తూము పైన నీళ్ళు నల్లగా సుళ్ళు తిరుగుతున్నాయి.

“సాలా లోతుందండి,” అన్నాడు పోలరాజు. “మొద్దు కిందకంటా ఇరుక్కుంది. ఒక్క ఊపిరితో అయ్యే పని కాదండి. ఆ వైజాగాయన సామాను అద్దెకన్నా తెప్పించండి. ఆయనకి ఫోన్ సేత్తే రెండు మూడు గంటల్లో వచ్చేత్తాడు.”

“ఉన్నదుండగా అద్దెకి తేవడం ఉద్యమస్ఫూర్తికే విరుద్ధం,” అన్నారు చిదానందం గారు. “నీ పేర ట్యాంకు ఉంది. నువ్వు నిలబడ్డదే నీ ట్యాంకు గట్టు మీద. ఇంతకంటే దగ్గరగా ఏ ప్రభుత్వం ఇస్తుందయ్యా?”

 పోలరాజు పల్లపువీధికేసి చూశాడు. ఒక ఆడమనిషి పిల్లని చంకనేసుకుని, మా వైపే చూస్తూ నిలబడి ఉంది. అతను చొక్కా విప్పి నా చేతికిచ్చాడు. జేబులో మెమో ఉంది. “తడవనీకండి, జవాబు రాయాల,” అన్నాడు. దిగాడు.

పైకొచ్చాడు, ఊపిరి పీల్చుకున్నాడు, మళ్ళీ దిగాడు. అలా చాలాసార్లు. వచ్చిన ప్రతిసారీ నీళ్ళ మీద ఉండే సేపు తగ్గిపోతోంది. ఆఖరిసారి దిగిన కాసేపటికి గట్టు కింద పెద్ద చప్పుడైంది. మొద్దు తప్పుకుని, తూములోంచి నీళ్ళు కాలవలోకి దూకాయి. పల్లపువీధి జనం కేకలు పెట్టారు, ఒకళ్ళనొకళ్ళు కావలించుకున్నారు. అందరూ పారే నీళ్ళవైపు చూస్తున్నారు. నేను చెరువువైపు చూస్తున్నాను. అక్కడ సుడి తప్ప మరేం కనపడలేదు. చొక్కా పట్టుకుని పిచ్చివాడిలా ఎంత అరిచినా పోలరాజు పైకి రాలేదు. మధ్యాహ్నానికి నీళ్ళు తగ్గాక తూము మూతి దగ్గర దొరికాడు. చెయ్యి మొద్దు కింద ఉంది.

విచారణ జరిగింది. మా విభాగంలో విచారణలు చాలా వేగంగా జరుగుతాయి, చనిపోయినవాడు అడ్డు చెప్పడు గనక. చిదానందం గారు చెబుతుంటే నేను టైపు చేశాను. ‘ప్రమాద సమయమున మృతునికి మంజూరైన పరికరములలో ఏ ఒక్కటియు లోపించలేదు. మృతుని వద్ద ట్యాంకు లేదనుట వాస్తవ విరుద్ధము. మృతుడు ట్యాంకులోనే యుండెను.’

నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ వాక్యం తీసెయ్యండి సార్ అన్నాను. నిజమే కదా, తీసెయ్యడం దేనికి అన్నారు.

నష్టపరిహారం కోసం సత్యవేణి పెట్టుకున్న అర్జీకి జవాబు వెళ్ళింది. మృతునికి అప్పగించిన ప్రభుత్వ వస్తువులన్నీ, తీసుకున్న స్థితిలోనే, తిరిగి అప్పగించిన తరువాతే అర్జీ పరిశీలించబడును. మాస్కులు ఒక పెట్టె. ఫ్యాను రెగ్యులేటరు ఒకటి. ట్యాంకు ఒకటి, పొడిది.

సోమవారం పొద్దున్నే ఆమె వచ్చింది. అప్పుడే ప్రమాణాలు అయ్యాయి. చిదానందం గారు ఇస్త్రీ మడత నలగకుండా కుర్చీలో సర్దుకుంటున్నారు. ఆమె మాస్కుల పెట్టె బల్ల మీద పెట్టింది. దాని మీద రెగ్యులేటరు పెట్టింది. తర్వాత వెళ్ళి గుమ్మం బయట దింపిన ఇత్తడి బిందె చంకనెత్తుకుని వచ్చింది.

“ట్యాంకు పొడిగా అప్పజెప్పమన్నారంట గదండి.”

“అవునమ్మా. రూలు.”

“సెరువుని ఎండబెట్టడం మాకు సేతకాదండి. అందులో నీళ్ళు మీకాడికే తెచ్చేత్తన్నాం. నీళ్ళన్నీ అయిపోయాకా అదే పొడిదవుద్దండి.”

బిందె ఆయన నెత్తి మీద వంచింది. నెమ్మదిగా, చుక్క వృథా పోకుండా వంచింది. బురద నీళ్ళు నెత్తి మీంచి సఫారీ మీదికి, సఫారీ మీంచి ఫైళ్ళ మీదికి, ఫైళ్ళ మీంచి నేల మీదికి పారాయి. తెల్ల బట్ట ఒంటికి అంటుకుపోయింది. పెండింగులో ఉన్న వెట్ సూటు ఎట్టకేలకు మా విభాగానికి అందింది.

“ప్యూన్! తలుపు! తలుపు మూసెయ్యండి!” అని అరిచారు చిదానందం గారు. ఏసీ గాలికి పళ్ళు టకటకమంటున్నాయి.

తలుపు దగ్గర నిలబడ్డది నేను. బయటికి చూశాను. సత్యవేణి వెనక పల్లపువీధి ఆడవాళ్ళు బిందెలతో వరసకట్టి ఉన్నారు. వరస వరండా దాటి, మెట్లు దిగి, గేటు దాకా ఉంది. ఆ రోజు పిల్లని చంకనేసుకున్న ఆవిడ అందరికంటే ముందుంది. ఇవాళ చంకలో పిల్ల బదులు బిందె.

నేను తలుపు రెక్కలు రెండూ బార్లా తీసి, ఎవరి బిందెకీ తగలకుండా గట్టిగా పట్టుకున్నాను.